పిల్లుల కూటి వేళ

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇళ్లలో పిల్లి ఉండటం మామూలే. పట్టుకు పట్టించే గంజి వాసనకు ఎలుకలు వస్తాయి. మగ్గం మీద పరిచిన పడుగు పోగుల మీద ఒక్క ఎలుక తిరిగినా ఎన్నాళ్ల పనో పాడైపోతుంది. నేను పుట్టకముందు మా ఇంట్లో ఒకసారి అలా జరిగిందట. ఆ వారంలోనే మా జేజి, అంటే నాయన తల్లి, ఎవరింటి నుంచో ఒక పిల్లికూనను కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఒళ్లంతా బూడిదరంగు చారలు. దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. చారలది అనేవాళ్లం.

నాకు పదేళ్లు వచ్చేసరికి అది ముసలిదైంది. పగలంతా మగ్గం గుంత పక్కన, నాయన కాళ్లకు తగలనంత దూరంలో పడుకునేది. పొద్దున పది గంటలప్పుడు నాయన మగ్గం దిగితే అదీ లేచి వంటింట్లోకి నడిచేది. తిరగలి పక్కన మూలలో దాని మట్టి మూకుడు ఉండేది. జేజి అందులో ఇంత రాగిసంగటి వేసి మజ్జిగ చిలకరించేది. సాయంత్రం దీపాలు పెట్టకముందు ఇంకోసారి పెట్టేది. మేమెవరైనా పెడితే చారలది ఒక క్షణం ఆగి, జేజి ఎక్కడుందో చూసుకుని, అప్పుడు మూతి పెట్టేది.

మా చిన్నమ్మ ఆ ఏడే మా ఇంటికి వచ్చింది. ఆమె మా అమ్మకు చెల్లెలు. చిలమత్తూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. అక్కడ వరసగా మూడేళ్లు వానలు లేవు. బావి ఎండిపోయింది, ఎద్దులను అమ్మేశారు. చిన్నాయన కూలిపని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లాడు. ఆయనకు అక్కడ నిలకడగా ఒక చోటు దొరికేదాకా చిన్నమ్మ మా దగ్గర ఉండి, పట్టు చుట్టే పనిలో సాయం చేసేలా మాట అనుకున్నారు. హిందూపురం నుంచి బస్సులో వచ్చింది. నెత్తిన ఒక రేకుపెట్టె, చంకలో మూత కట్టిన వెదురుబుట్ట. బుట్టలోంచి అరుపు వినబడుతోంది.

జేజి ముందు పెట్టెను చూసింది, తర్వాత బుట్టను చూసింది.

"పిల్లి మాకు ఉండాది గదమ్మే," అంది.

"ఆడ ఇడిసిపెడితే సచ్చిపోతాదత్తా. ఊర్లో పిడికెడు కూడు పెట్టేవాళ్లు లేరు," అంది చిన్నమ్మ.

బుట్టలో ఉన్నది ఎర్రటి గండుపిల్లి. ఏడాది కూడా నిండలేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. విప్పగానే అది పెట్టె వెనక్కి దూరి, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. చారలది దాన్ని దూరం నుంచి చూసింది తప్ప ఏమీ చేయలేదు. ఇవి సర్దుకుపోతాయని అమ్మ ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం జేజి ఎప్పటిలాగే మూకుట్లో సంగటి పెట్టింది. చిన్నమ్మ ఒక టెంకాయ చిప్పలో కొంచెం సంగటి వేసి, ఆ మూకుడికి జానెడు దూరంలో పెట్టింది. పక్కపక్కన తింటే స్నేహం కుదురుతుందని ఆమె అనుకుంది. కరువు చూసిన ఎర్రది నమలకుండా మింగేసింది. చిప్ప నాకి, వెంటనే మూకుట్లో మూతి పెట్టింది. చారలది చెవులు వెనక్కి వాల్చి దాని మొహం మీద కొట్టింది. రెండూ ఒక ఉండలా చుట్టుకుని పొయ్యి దగ్గరికి దొర్లాయి. జేజి చెంబుడు నీళ్లు విసిరింది. పిల్లులతో పాటు అమ్మా తడిసింది, పొయ్యీ ఆరిపోయింది.

ఆ రోజు నుంచి రెండు పూటలా అదే జరిగింది. మిగతా వేళల్లో ఒకదాని జోలికి ఒకటి వెళ్లేవి కావు. చారలది మగ్గం పక్కన, ఎర్రది పెరట్లో కట్టెల మీద పడుకునేవి. కూటి వేళయితే మాత్రం జేజి చీపురు పట్టుకుని కూర్చునేది. ఎవరు మొదలుపెట్టినా చీపురు దెబ్బ పడేది ఎర్రదానికే. చిన్నమ్మ అది చూసి తలవంచుకుని పట్టు కండెలు చుట్టుకునేది.

వీధిలో తలా ఒక ఉపాయం చెప్పారు. రెండిటికీ ఒకే నూనె రాస్తే వాసన ఒకటై తోబుట్టువులనుకుంటాయని పక్కింటి బీబీ చెప్పింది. రాశాం. పగలంతా రెండూ ఒళ్లు నాక్కుంటూ కూర్చుని, సాయంత్రం జిడ్డుగానే కొట్టుకున్నాయి. ఒక పూట పస్తు పెడితే పొగరు దిగుతుందని ఇంకొకరు అన్నారు. జేజి చారలదాన్ని పస్తు పెట్టలేక ఎర్రదాన్ని మాత్రమే పెట్టింది. మర్నాడు జరిగిన కొట్లాట అంతవరకూ జరిగినవాటిలోకెల్లా పెద్దది.

అది వంటింట్లో ఆగలేదు. ఎర్రది తప్పించుకోబోయి ముందరి గదిలోకి పరుగెత్తింది. చారలది వెనకే వచ్చింది. నాయన అన్నానికి దిగాడు కాబట్టి మగ్గం మీద ఎవరూ లేరు. ఎర్రది పడుగు మీదికి ఎక్కింది. పట్టుపోగుల మీద కాలు నిలవక గోళ్లు దించింది. చారలది దాని మీదకి దూకింది. మేము వెళ్లేసరికి రెండూ గుంతలో ఉన్నాయి. పడుగు మీద మూరెడు మేర పోగులు తెగి, వేలాడుతున్నాయి. అది పెళ్లిచీర పడుగు, వక్కరంగు మీద జరీ అంచు.

నాయన అరవలేదు. తెగిన పోగులను చేత్తో ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా దించాడు. మిగిలిన అన్నం తినలేదు. ఆ మధ్యాహ్నం నుంచి నాయన, అమ్మ, చిన్నమ్మ ముగ్గురూ కూర్చుని పోగు పోగూ అతికారు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను పిల్లులను విడివిడిగా, ఒకదాన్ని పెరట్లో, ఒకదాన్ని సామాన్ల గదిలో కట్టడి చేసి ఉంచాను.

ఐదో రోజు పొద్దున నాయన గోనెసంచి ఒకటి దులిపి గుంజకు తగిలించాడు.

"ఎర్రదాన్ని చిత్రావతి ఏటికి అవతల ఇడిసి వస్తా. మగ్గం ఉన్న ఇంట్లో ఇది కుదిరే పని కాదు," అన్నాడు అమ్మతో.

చిన్నమ్మ మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. అప్పటిదాకా ఆమె నాయనతో నేరుగా మాట్లాడింది లేదు. ఏం కావాలన్నా అమ్మ ద్వారా చెప్పించేది. ఆ రోజు మాత్రం వాకిలి పక్కకు వచ్చి నిలబడింది.

"పదైదు దినాలు ఓర్సుకో బావా. అప్పటికీ కొట్లాడితే నేనే తీసకపోయి ఇడిసి వస్తా," అంది.

నాయన ఆమెను చూడకుండా సంచి వైపు చూశాడు. సరేనన్నాడు. సంచి మాత్రం గుంజకే ఉంచాడు.

చిన్నమ్మ మొదటి రెండు రోజులు ఏమీ మార్చలేదు, చూసింది, అంతే. కొట్లాటకు ముందు చారలదాని తోకకొన ఒక్కటే కదులుతుందని, ఆ తర్వాత చెవులు వాలుతాయని ఆమె నాకు చూపించింది. మూకుడు మూలలో ఉన్నందువల్ల తినేటప్పుడు చారలది గోడ వైపు తిరగాల్సి వచ్చేది. వెనక ఎవరు వస్తున్నారో దానికి కనబడేది కాదు. అందుకే సగం తిండికే ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుందని చిన్నమ్మ అంది. ఎర్రది తొందరగా తింటుంది, చారలది నిదానంగా తింటుంది, గొడవ ఎర్రది తినేసిన తర్వాతే మొదలవుతుంది. ఇవన్నీ మా కళ్ల ముందు రెండు నెలలుగా జరుగుతున్నవే. మేము చూడలేదు.

ఇంత తెలివి ఎక్కడిదని అడిగాను. తన మామ ఎద్దులకు మేత వేసేటప్పుడు నేర్చుకున్నానని చెప్పింది. "ముందు దేనికి ఏసినా రెండోది కొమ్ములు ఇసురుతాండె. అందుకని నడుమ తడిక కట్టి, రెండిటికీ ఒకేసారి ఏస్తాండె మా మామ," అంది. ఆ ఎద్దులను అమ్మేశారని నాకు తెలుసు. ఆమె ఆ సంగతి ఎత్తలేదు.

మూడో రోజు నుంచి పద్ధతి మారింది. చారలదాని మూకుడు మూలలోంచి తీసి, వంటింటి నడుమ, అది గోడ వైపుకు వీపు పెట్టి తలుపు వైపు చూస్తూ తినేలా ఉంచారు. ఎర్రదాని చిప్ప తలుపుకు అవతల, పెరటి గట్టు మీద. తలుపు మూసి ఉండేది. చిన్నమ్మ అవతల, నేను ఇవతల. ఆమె తలుపు మీద వేలితో కొడితే ఇద్దరం ఒకేసారి పెట్టాలి. తిన్న వెంటనే చిప్పా మూకుడూ ఎత్తేసి, కడిగి, పైన పెట్టేయాలి. ఒక్క మెతుకు కూడా నేల మీద ఉండకూడదు. రెండు పూటల కూటినే నాలుగు పూటలుగా కొంచెం కొంచెం పెట్టాం, ఏదీ ఆకలితో నకనకలాడుతూ రాకుండా. ఎర్రదాని సంగటిని చిన్నమ్మ చిప్పకు చుట్టూరా అదిమి పెట్టేది, అది ఒక్క గుటకలో మింగకుండా.

రెండు రోజులు గడిచాక తలుపు వేలెడు సందు తీసింది. తర్వాత జానెడు. ఆ తర్వాత తలుపు మొత్తం తీసి, నడుమ పాత గోనెపట్ట వేలాడదీసింది. ఒకదానికి ఒకటి కనబడదు గానీ నాకుతున్న చప్పుడు వినబడుతుంది, వాసన తెలుస్తుంది. చిప్ప పెట్టిన చోట నేను ముగ్గుపిండితో గీత గీసేదాన్ని. చారలదాని తోక కదలకుండా ఉంటే మర్నాడు గీత ఒక బెత్తెడు ముందుకు వచ్చేది. కదిలితే వెనక్కి పోయేది. ఈ పని నాకు బడి కంటే బాగుండేది.

జేజి ఇదంతా అరుగు మీద కూర్చుని చూసేది. పిల్లికి తలుపులేమిటి, గీతలేమిటి అని పక్కింటివాళ్లతో అనేది. ఇన్నేళ్లూ తన చేత్తో పెట్టిన మూకుడు ఇప్పుడు నా చేతికి వచ్చింది. అది ఆమెకు కష్టంగా ఉందని నాకు అప్పట్లో తెలియలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వంటింట్లో అరుపులు వినబడ్డాయి. అది తిండి వేళ కాదు. మేము పరుగెత్తేసరికి తిరగలి మూలలో రెండూ కలబడి ఉన్నాయి. చిన్నమ్మ గోనెపట్ట వాటి నడుమకు విసిరింది. అవి విడిపోయాయి. ఎర్రదాని కంటి కింద చీరుకుపోయి రక్తం కారుతోంది. మూలలో, మూకుడు పాత చోటులో, ఎండుచేప తలకాయ ఒకటి పడి ఉంది.

జేజి కొంగుతో చేయి తుడుచుకుంటూ నిలబడి ఉంది. అది తాను పెట్టిందేనని అడగకుండానే ఒప్పుకుంది. రోజూ మధ్యాహ్నం ఇంత తునక పెడుతున్నానని, ముసలిదానికి పిసరంత ఎక్కువ పెడితే ఎవరి సొమ్మూ పోదని అంది. అందుకు జవాబు చెప్పింది అమ్మ. అత్తకు ఎదురు చెప్పగా నేను అమ్మను అంతవరకు చూడలేదు.

"నువ్వు చాటుగా పెట్టే తునక వల్ల దానికీ నెమ్మది లేదు, దీనికీ నెమ్మది లేదు. నా చెల్లెలికీ లేదత్తా," అంది.

ముందరి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. జేజి అరుగు మీదకు పోయి కూర్చుంది.

చిన్నమ్మ మాత్రం ఆ చేప తలకాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. చారలది దాన్ని తినలేదు. ఒక పక్క కొరికి వదిలేసింది. కొరికిన చోట రక్తపు మరక ఉంది. చారలది తల ఒక పక్కకు వాల్చి తింటుందనీ, ముద్ద నోట్లోంచి జారిపోతుందనీ చిన్నమ్మ ముందే గమనించింది. దానికి కారణం అప్పుడు అర్థమైంది. నోరు తెరిచి చూడాలి. అది ఒక్క జేజి చేతికే లొంగుతుంది.

చిన్నమ్మ అరుగు మీదకు వెళ్లి జేజి పక్కన కూర్చుని అడిగింది. ఏమని అడిగిందో నాకు వినబడలేదు. ఇద్దరూ లేచి వచ్చారు. జేజి చారలదాన్ని పాత చీరముక్కలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, తల నిమురుతూ పట్టుకుంది. చిన్నమ్మ బొటనవేలితో దాని పెదవి ఎత్తింది. లోపల వెనకపన్ను ఒకటి విరిగి ఉంది. చుట్టూ చిగురు వాచి, ఊదారంగుకు తిరిగింది. పన్ను ఊగుతోంది. చిన్నమ్మ రెండు వేళ్లతో పట్టి ఒక్క లాగు లాగింది. వచ్చేసింది. చారలది చీరముక్కలోంచి ముందరికాలు బయటపెట్టి జేజి ముంజేయి మోచేతిదాకా గీరింది. జేజి దాన్ని వదల్లేదు. పసుపూ ఉప్పూ కలిపిన నీళ్లతో నోరు కడిగేదాకా అలాగే పట్టుకుంది.

"ఇన్నేండ్లూ నా చేత్తోనే పెడితి. నోరు నొస్తాండాదని నాకు తెలీకపాయ," అంది తర్వాత.

చిన్నమ్మ జేజి ముంజేతికి పసుపు అద్దింది.

ఆ సాయంత్రం నుంచి చారలదానికి సంగటి మెత్తగా పిసికి, జావలా చేసి పెట్టాం. పక్కవీధిలో పాలు పోసే ఆమె ఎనుములను అమ్ముకున్నాక మజ్జిగ దొరకడం కష్టమైంది. జేజి తన గిన్నెలో మజ్జిగే వంచి ఇచ్చేది. ముగ్గుపిండి గీతను ఆ రోజు చాలా వెనక్కి జరిపాం. మళ్లీ తలుపు మూసి మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి మూకుడు పెట్టే పని చిన్నమ్మ జేజికి ఇచ్చింది. నా పని గీతలు గీయడం వరకే. నాకు కోపం వచ్చింది.

చారలదాని నొప్పి తగ్గాక తేడా తెలిసింది. అది ముందుకంటే తొందరగా తినేది. తింటూ మధ్యలో తల ఎత్తి గోనెపట్ట వైపు చూసి, మళ్లీ దించేది. పదిహేనో రోజుకు గోనెపట్ట తీసేశాం. నడుమ ద్వారబంధానికి ఆనించిన పీట ఒకటే అడ్డం. ఆ పొద్దున నాయన చెప్పకుండా వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. జేజి ఇటు, చిన్నమ్మ అటు, ఒకేసారి వంగి పెట్టారు. రెండూ తిన్నాయి. ఎర్రది ముందు ముగించి, మూతి తుడుచుకుంటూ చారలదాని వైపు రెండడుగులు వేసింది. చిన్నమ్మ చేయి అడ్డం పెట్టి, ఇంకో చిటికెడు సంగటి దాని చిప్పలో వేసింది. అది వెనక్కి తిరిగింది. చారలదాని తోక ఒకసారి కదిలి ఆగింది. నాయన చివరిదాకా చూసి మగ్గం ఎక్కాడు. మర్నాడు ఆ గోనెసంచిలో చింతకాయలు పోసి ఉన్నాయి.

తర్వాత నెల రోజుల్లో మూకుడికీ చిప్పకీ మధ్య దూరం రెండు మూరలకు వచ్చింది. ఇంకా దగ్గర చేద్దామని నాకు ఉబలాటం. ఒకే మూకుట్లో తినే రోజు వస్తుందని అనుకునేదాన్ని. రెండు మూరలకు లోపల పెడితే చారలదాని తోక కదిలేది. అక్కడ చిన్నమ్మ ఆపేసింది.

"ఇంక దగ్గరికొద్దు పాపా. ఇంతే సాలు," అంది.

అవి ఎప్పుడూ ఒకచోట పడుకోలేదు, ఒకదాన్ని ఒకటి నాకలేదు. ప్రతి పూటా రెండు మూరల దూరంలో తిని, దేని చోటుకు అది పోయేది. పడుగు మీద మళ్లీ గోరు పడలేదు. ఎర్రది ఎలుకలు పట్టడంలో చారలదాన్ని మించిపోయింది. ఒకరోజు ఎలుకను తెచ్చి అరుగు కింద పెడితే జేజి బీబీని పిలిచి చూపించింది. పిల్లి మాది అని చెప్పింది.

రెండేళ్లకు చిన్నాయనకు బెంగళూరులో ఒక మిల్లులో కాపలా పని కుదిరి, చిన్నమ్మను తీసుకెళ్లడానికి వచ్చాడు. అక్కడ ఒకే గది, పైగా మేడ మీద. పిల్లి కుదరదన్నాడు. ఎర్రది మా ఇంట్లోనే ఉండిపోయింది. చిన్నమ్మ పోయే ముందు దాన్ని ఎత్తుకోలేదు. కట్టెల మీద పడుకున్నదాన్ని కాసేపు చూసి, పెట్టె తీసుకుని బస్సుకు వెళ్లింది. ఉత్తరాల్లో మా అందరి క్షేమం అడిగి, చివర్న పిల్లుల సంగతి అడిగేది. జవాబు జేజి చెబితే నేను రాసేదాన్ని. ఆ తర్వాతి ఎండాకాలం చారలది చనిపోయింది. ఆ ఉత్తరం మాత్రం జేజి చెప్పలేదు, నేనే రాశాను.

పందొమ్మిదివందల అరవైల్లో నాకు పెళ్లై అనంతపురంలో కాపురం పెట్టాక మా వాకిట్లోకి పిల్లులు వస్తూ ఉండేవి. మా ఆయనకు అవంటే ఇష్టం. ఒక జత ఇలాగే కూటి దగ్గర కొట్లాడుకుంటే తలుపు మూసి, గీతలు గీసి, చిన్నమ్మ చేసినట్టే చేశాను. నెలలో కుదిరింది. తర్వాత ఇంకో జత వచ్చింది. వాటికీ అదే చేశాను. నోళ్లు తెరిచి చూశాను, గోనెపట్ట కట్టాను, వేళలు మార్చాను. మూడు నెలలు పట్టుదలగా చేసినా ఒకటి కనబడితే ఒకటి తినేది కాదు. చివరకు ఒకదానికి కింద, ఒకదానికి మిద్దె మీద పెట్టడం మొదలుపెట్టాను. అవి ఉన్నన్నాళ్లూ పెట్టడానికీ, గిన్నె తీయడానికీ పూటకు రెండుసార్లు మెట్లెక్కి దిగాను.